సి.ఆర్.సుబ్బరామన్

సి.ఆర్.సుబ్బరామన్ (1924 మే 18 - 1952 జూన్ 27) తెలుగు, తమిళ చలనచిత్రాల సంగీత దర్శకుడు. తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించిన ఈయన ఇరవై ఏళ్ళైనా నిండకముందే సంగీత దర్శకుడై, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో మరణించాడు. రత్నమాల, లైలా మజ్ను, స్వప్నసుందరి, స్త్రీసాహసం మొదలైన చిత్రాలకు సంగీతం సమకూర్చినా, తెలుగువారికి ఈయన పేరు ముఖ్యంగా దేవదాసు (1953) చిత్రంతో ముడిపడి ఉంది. భగ్నప్రేమ అనగానే తెలుగువారి నోట పలికే జగమే మాయ, కుడి ఎడమైతే, చెలియ లేదు చెలిమి లేదు వంటి పాటలు ఆ చిత్రంలోనివే. దేవదాసు 1953 జూన్ 26న విడుదలైంది. సుబ్బరామన్ ప్రథమ వర్ధంతికి అది సరిగ్గా ఒకరోజు ముందు. ఈ పాటలు ఇంటింటా మారుమోగిన కాలానికి ఆయన లేడు.

బాల్యం, సంగీతాభ్యాసం

సుబ్బరామన్ తిరునెల్వేలి ప్రాంతంలోని చింతామణి గ్రామంలో జన్మించాడు. ఆయన మాతృభాష తెలుగు. విజయనగర, నాయకరాజుల కాలాల్లో దక్షిణాదికి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు తమిళ దేశంలో అనేకం ఉన్నాయి. ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడుతూ పెరిగిన అటువంటి కుటుంబాల నుండి కర్ణాటక సంగీతానికీ, ఆ తరువాత చలనచిత్ర సంగీతానికీ అనేకమంది విద్వాంసులు వచ్చారు. రెండు భాషల పలుకుబడి, ఉచ్చారణ చిన్ననాటి నుండి ఎరిగి ఉండటం సుబ్బరామన్‌కు తరువాతి కాలంలో ఎంతో ఉపకరించింది. ఆయన చేసిన చిత్రాలలో చాలా భాగం రెండు భాషలలో తయారైనవే.

చిన్నతనంలోనే సంగీతం నేర్చుకొని, హార్మోనియం వాయించడంలో మంచి నేర్పు సంపాదించాడు. పదహారేళ్ళ ప్రాయంలో హెచ్.ఎం.వి. గ్రామఫోను కంపెనీలో హార్మోనిస్టుగా చేరాడు. ఆ రోజులలో గ్రామఫోను కంపెనీలో హార్మోనిస్టు పని కేవలం పక్కవాద్యం వాయించడంతో తీరేది కాదు. పాటకు వరుస కుదర్చడం, గాయనీ గాయకులకు నేర్పడం, వాద్యకారులను సిద్ధం చేయడం వంటి పనులన్నీ ఆ హార్మోనియం చుట్టూ జరిగేవి. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు ఒక ముఖంలో మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. చెప్పవలసిన భావమంతా ఆ కొద్ది వ్యవధిలోనే చెప్పాలి. సుబ్బరామన్ పాటలలో కనిపించే పొదుపు ఈ పాఠశాలలో అలవడినదే అనుకోవచ్చు.

సినీరంగ ప్రవేశం

1943లో ఎస్.సౌందరరాజన్ దర్శకత్వంలో వచ్చిన చెంచులక్ష్మి చిత్రంతో సుబ్బరామన్ చలనచిత్ర సంగీతంలో అడుగుపెట్టాడు. అప్పటికి తెలుగు చిత్రసీమలో పెద్ద మార్పు జరుగుతోంది. అంతకుముందు నటీనటులే తమ పాటలు పాడుకొనేవారు. అందువల్ల పాడగలిగినవారికే ముఖ్యపాత్రలు దక్కేవి. 1940వ దశకంలో నేపథ్యగానం స్థిరపడుతున్నకొద్దీ నటనకు నటులు, గానానికి గాయకులు అన్న విభజన ఏర్పడింది. రంగస్థల బాణీలోని దీర్ఘమైన రాగాలాపనలు తగ్గి, చిన్న చిన్న చరణాలతో, వాద్యగోష్ఠితో కూడిన లలితమైన పాటలకు చోటు దొరికింది. ఆ మలుపులో వచ్చిన యువ సంగీత దర్శకులలో సుబ్బరామన్ ఒకడు.

భరణీ చిత్రాలు

భానుమతి, ఆమె భర్త పి.ఎస్.రామకృష్ణారావు స్థాపించిన భరణీ పిక్చర్స్ తొలి చిత్రం రత్నమాల (1948)కు సుబ్బరామన్ సంగీత దర్శకుడు. విజయనగరం సంగీత కళాశాలలో శిక్షణ పొంది, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చి, సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరిన ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ రోజులలో సుబ్బరామన్‌తో కలిసి పనిచేశాడు. ఘంటసాల (జననం 1922) ఆయన కంటే వయసులో కొంత పెద్దవాడు. ప్రతిభా వారి స్వప్నసుందరి (1950) చిత్రానికి వీరిద్దరూ కలిసి సంగీతాన్ని అందించారు.

అదే సంవత్సరం మరొక విశేషం జరిగింది. లక్ష్మమ్మ గాథ ఆధారంగా ఇద్దరు నిర్మాతలు పోటాపోటీగా చిత్రాలు తీశారు. ఘంటసాల బలరామయ్య తీసిన శ్రీలక్ష్మమ్మ కథకు సుబ్బరామన్, కృష్ణవేణి నటించిన లక్ష్మమ్మకు ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం చేశారు. ఒకే కథకు ఇద్దరూ వేరువేరుగా వరుసలు కట్టినా వారి స్నేహానికి లోటు రాలేదు. తరువాత సుబ్బరామన్ చిత్రాలలో ఘంటసాల పాడుతూనే ఉన్నాడు.

1949లో భరణీ వారు నిర్మించిన లైలా మజ్ను సుబ్బరామన్‌కు గొప్ప పేరు తెచ్చింది. రామకృష్ణారావు దర్శకత్వం వహించగా, అక్కినేని నాగేశ్వరరావు, భానుమతి నాయికా నాయకులుగా నటించారు. భానుమతి తన పాటలు తానే పాడుకొంది. నాగేశ్వరరావుకు ఘంటసాల పాడాడు. మాటలు, పాటలు సముద్రాల రాఘవాచార్యవి. ఛాయాగ్రహణం బి.ఎస్.రంగాది. ప్రేమించిన స్త్రీ పరాయిదై, పిచ్చివాడై తిరిగే కథానాయకుని వేదనను తెలుగు పాటలో చెప్పవలసిన అవసరం సుబ్బరామన్‌కు ఈ చిత్రంతో కలిగింది. అక్కినేని నటన, ఘంటసాల గాత్రం, సముద్రాల పదం, సుబ్బరామన్ వరుస, రంగా ఛాయాగ్రహణం నాలుగేళ్ళ తరువాత దేవదాసులో మళ్ళీ ఒకచోట చేరాయి. ఆ విధంగా లైలా మజ్ను దేవదాసుకు పూర్వరంగం అని చెప్పవచ్చు.

భరణీ వారి ప్రేమ (1952), చండీరాణి (1953) చిత్రాలకు కూడా సుబ్బరామనే సంగీత దర్శకుడు.

తమిళ చిత్రాలు

తమిళంలో సుబ్బరామన్ ఎన్.ఎస్.కృష్ణన్ చిత్రాలకు ఎక్కువగా పనిచేశాడు. పైత్తియక్కారన్ (1947), నల్లతంబి (1949), మణమగళ్ (1951) వీటిలో కొన్ని. ఎం.కె.త్యాగరాజ భాగవతార్ జైలు నుండి విడుదలైన తరువాత నటించిన రాజముక్తి (1948)కి కూడా ఈయనే సంగీత దర్శకుడు. కర్ణాటక సంగీత విదుషీమణి ఎం.ఎల్.వసంతకుమారి చలనచిత్రాలలో పాడటం ఆ చిత్రంతోనే మొదలైంది. మణమగళ్‌లో సుబ్రహ్మణ్య భారతి గేతాన్ని రాగమాలికగా కూర్చి ఆమెచేత పాడించాడు. చిన్నంచిరు కిళియే అనే ఆ పాట తరువాత కచేరీ వేదికలకు కూడా ఎక్కింది. చలనచిత్రం కోసం కట్టిన వరుస కచేరీ సంప్రదాయంలో చేరడం అరుదైన గౌరవం. శాస్త్రీయ సంగీతజ్ఞానం, సామాన్యునికి అందే సరళత రెండూ సుబ్బరామన్ వరుసలలో ఉన్నాయనడానికి ఇది నిదర్శనం.

వినోదా పిక్చర్స్

డి.ఎల్.నారాయణ, సముద్రాల రాఘవాచార్య, వేదాంతం రాఘవయ్య, సుబ్బరామన్ కలిసి వినోదా పిక్చర్స్ సంస్థను నెలకొల్పారు. రాఘవయ్య కూచిపూడి నాట్య సంప్రదాయంలో పుట్టిపెరిగినవాడు. రైతుబిడ్డ (1939) చిత్రంలో ఆయన దశావతార నృత్యం పేరుపొందింది. వినోదా వారి మొదటి చిత్రం స్త్రీసాహసం (1951). అక్కినేని, అంజలీదేవి అందులో నటించారు. తరువాత శాంతి (1952) వచ్చింది. రెండింటికీ రాఘవయ్య దర్శకుడు. మూడవ చిత్రంగా దేవదాసును తీయాలని నిశ్చయించుకొన్నారు.

సంగీత దర్శకుడు సాధారణంగా పారితోషికం తీసుకొని పనిచేసేవాడు. వినోదాలో మాత్రం సుబ్బరామన్ భాగస్వామిగా ఉన్నాడు. కథ ఎంపిక నుండి ఆయన ఆ సంస్థలో ఒకడు. ఆ కారణంగా దేవదాసు ఆయనకు మరొకరు అప్పగించిన పని కాదు, సొంత చిత్రం.

దేవదాసు కథ

శరత్‌చంద్ర చటోపాధ్యాయ రచించిన బెంగాలీ నవల దేవదాస్ 1917లో వెలువడింది. 1935లో న్యూ థియేటర్స్ సంస్థ పి.సి.బారువా దర్శకత్వంలో దీనిని బెంగాలీలో చిత్రంగా తీసింది. అదే సంస్థ హిందీలో తీసిన చిత్రంలో కె.ఎల్.సైగల్ నటించి, తన పాటలు పాడాడు. సైగల్ గొంతులోని విషాదం దేశమంతటా అప్పటికే ప్రసిద్ధం. ఆ జ్ఞాపకం శ్రోతలలో ఇంకా పచ్చగా ఉన్న రోజులలోనే తెలుగులో ఈ కథకు కొత్త పాటలు కట్టవలసి వచ్చింది.

తెలుగు చిత్రంలో జమీందారు కుమారుడు దేవదాసు (అక్కినేని), చిన్ననాటి నెచ్చెలి పార్వతి (సావిత్రి) ప్రేమించుకొంటారు. దేవదాసు తండ్రి (ఎస్.వి.రంగారావు) అంతస్తుల భేదం చూపి పెండ్లికి అంగీకరించడు. తగిన సమయంలో తండ్రిని ఎదిరించే ధైర్యం దేవదాసుకు చాలదు. పార్వతి వయసు మళ్ళిన జమీందారుకు (సి.ఎస్.ఆర్.ఆంజనేయులు) భార్య అవుతుంది. దేవదాసు పట్నంలో మిత్రుడు భగవాన్ (పేకేటి శివరాం) ద్వారా తాగుడుకు అలవాటుపడతాడు. నర్తకి చంద్రముఖి (లలిత) అతన్ని ఆరాధిస్తుంది. చివరకు పార్వతికి ఇచ్చిన మాట నిలుపుకోవడానికి ఆమె ఇంటి వాకిటికి చేరి, అక్కడే ప్రాణం విడుస్తాడు.

జానపద చిత్రాల కథానాయకుడిగా పేరున్న నాగేశ్వరరావు ఈ పాత్రకు తగడని అప్పట్లో పలువురు పెదవి విరిచారు. తాగుబోతు చూపు సహజంగా కనపడటానికి రాత్రివేళ కడుపునిండా భోంచేసి, నిద్రమత్తు కమ్ముకొస్తున్న కళ్ళతో ఆ సన్నివేశాలలో నటించానని ఆయన తరువాతి కాలంలో వివరించేవాడు.

దేవదాసు పాటలు

చలనచిత్ర నిర్మాణంలో పాటలు ముందుగా రికార్డు చేస్తారు. నటులు ఆ పాటకు పెదవులు కలుపుతూ నటిస్తారు. చిత్రీకరణ, కూర్పు పూర్తయ్యాక సన్నివేశాల వెనుక వినిపించే నేపథ్య సంగీతాన్ని చిట్టచివర చేరుస్తారు. చిత్రం విడుదలకు ఒక సంవత్సరం ముందే మరణించిన సుబ్బరామన్ పాటల వరుసలు మనకు మిగిలి, నేపథ్య సంగీతం వేరొకరి చేతికి వెళ్ళడానికి కారణం ఈ పద్ధతే.

పాటలలో అధికభాగం దేవదాసు పాత్రకు చెందినవి. వాటిని ఘంటసాల పాడాడు. వరుసగా వింటే పాత్ర పతనక్రమం వాటిలోనే కనిపిస్తుంది. పల్లెకు పోదాం పారును చూద్దాం పాటలో ఉత్సాహం పొంగుతున్న యువకుడు ఉన్నాడు. చెలియ లేదు చెలిమి లేదు పాటలో అతను అన్నీ పోగొట్టుకొన్నవాడు. కుడి ఎడమైతే పాటలో అనుకొన్నది తారుమారైనా ఓటమి కాదని తనకు తాను నచ్చజెప్పుకొంటాడు. కల ఇదని నిజమిదని పాటలో తన బ్రతుకు తనకే అర్థం కాక నిలుస్తాడు. జగమే మాయ పాటకు వచ్చేసరికి ఫిర్యాదు కూడా మిగలదు. లోకమంతా మాయ అన్న వేదాంతం తాగినవాని నోట పలుకుతుంది. జ్ఞాని అనవలసిన మాటను జీవితంలో ఓడినవాడు అనడం ఈ పాటలోని ప్రత్యేకత. వినేవారికి అది తత్త్వంగా, ఏడుపుగా రెండు విధాలా వినిపిస్తుంది.

ఈ పాటలలో సంగీత ప్రదర్శన కంటే పలుకుకే ప్రాధాన్యం. వాద్యాలు గొంతును మింగవు. మాటలు తేటగా వినిపిస్తాయి. శిక్షణ లేనివారు కూడా కూనిరాగంగా పాడుకోగలరు. అయినా ఘంటసాల పాడినట్లు పాడటం కష్టం. పొలాలలో, రిక్షాలపై, హాస్టలు గదులలో తరతరాలుగా ఇవి పాడుకోబడటానికి ఈ సరళత ఒక ముఖ్య కారణం.

స్త్రీ పాత్రల పాటలు కూడా గమనించదగినవి. పార్వతి పాడే అంతా భ్రాంతియేనా పాటను కె.రాణి పాడింది. అప్పటికి ఆమె పదేళ్ళు అటూ ఇటూ వయసున్న బాలిక. సావిత్రి నటనకు, ఆశలన్నీ అడుగంటిన యువతి శోకానికి ఒక చిన్నపిల్ల గొంతును ఎన్నుకోవడం సాహసమే. కాని పార్వతి పాత్రలోని అమాయకత్వం ఆ గొంతువల్లనే నిలిచింది. కె.రాణిని మొదటి నుండి ప్రోత్సహించినవాడు సుబ్బరామనే. ఆమె 2018లో మరణించింది.

చంద్రముఖి నృత్యానికి క్షేత్రయ్య పదం ఇంత తెలిసియుండిని తీసుకొన్నారు. దానిని ఆర్.బాలసరస్వతీదేవి పాడింది. మువ్వగోపాలుని ముద్రతో పదాలు రచించిన క్షేత్రయ్య 17వ శతాబ్దివాడు. గోల్కొండ నవాబు ఆస్థానాన్ని కూడా దర్శించాడని ప్రతీతి. నాయకుడు ఎడబాసిన నాయిక నిష్ఠూరాలను తెలుగు పాటగా మలచినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఒకే చిత్రంలో మూడు వందల ఏండ్ల నాటి విరహ పదం, ఇరవయ్యో శతాబ్ది భగ్నప్రేమ గీతం పక్కపక్కన నిలిచాయి. పదంలో వేదన పడేది స్త్రీ. దేవదాసు పాటలలో వేదన పడేది పురుషుడు. తెలుగు పాటలో విరహం గొంతు మారిందనడానికి ఇది మంచి ఉదాహరణ.

చిత్రం తెలుగుతో పాటు తమిళంలోనూ తయారైంది. అవే వరుసలకు తమిళ పదాలు అమర్చారు. తమిళంలో కూడా ఘంటసాలే పాడాడు. జగమే మాయకు తమిళ రూపమైన ఉలగే మాయం, కుడి ఎడమైతేకు తమిళ రూపమైన తుణిందపిన్ మనమే అక్కడ నేటికీ ప్రసిద్ధాలు. ఒకే వరుస రెండు భాషల పదాలను మోయాలంటే అది ఏ ఒక్క భాష యతికీ, దీర్ఘానికీ మాత్రమే కట్టుబడి ఉండరాదు. రెండు భాషలలో పెరిగిన సుబ్బరామన్‌కు ఆ మెళకువ సహజంగా అబ్బింది.

మరణం

1952 జూన్ 27న సుబ్బరామన్ అకాల మరణం చెందాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఎనిమిది సంవత్సరాలు. తొమ్మిదేళ్ళలో ఆయన పనిచేసిన చిత్రాల సంఖ్య ఆ వయసు వారికి అసాధారణం. మరణించేనాటికి దేవదాసు, చండీరాణి, తమిళంలో మరుమగళ్ (తెలుగులో అమ్మలక్కలు) మొదలైన చిత్రాల పనులు వివిధ దశలలో ఉన్నాయి.

ఆయన సహాయకులు ఎం.ఎస్.విశ్వనాథన్, టి.కె.రామమూర్తి. విశ్వనాథన్ హార్మోనియం, రామమూర్తి వయొలిన్ వాయించేవారు. విశ్వనాథన్ అంతకుముందు ఎస్.ఎం.సుబ్బయ్యనాయుడు వద్ద పనిచేసి సుబ్బరామన్ బృందంలో చేరాడు. గురువు మరణంతో నిలిచిపోయిన పనులను వీరిద్దరూ భుజాన వేసుకొన్నారు. దేవదాసు నేపథ్య సంగీతాన్ని వీరే పూర్తి చేశారు. చిత్రంలోనూ, రికార్డులపైనా సంగీత దర్శకుడిగా సుబ్బరామన్ పేరే ఉంది.

జగమే మాయ కర్తృత్వం

జగమే మాయ పాట వరుస విషయంలో రెండు కథనాలు ప్రచారంలో ఉన్నాయి. మిగిలిన పాటలవలె ఇది కూడా సుబ్బరామన్ కూర్చినదేనని ఒక కథనం. ఆయన మరణానంతరం విశ్వనాథన్, రామమూర్తి దీనిని స్వరపరచారని మరొకటి. రచన విషయంలోనూ ఇటువంటిదే ఒక చర్చ ఉంది. పాటల రచయితగా సముద్రాల పేరు ఉన్నా, మల్లాది రామకృష్ణశాస్త్రి హస్తం కొన్ని పాటలలో ఉందని సాహిత్యవేత్తలు కొందరు భావిస్తారు. మల్లాది తన పేరు వెల్లడి కాకుండా పాటలు రాసి ఇచ్చేవాడన్న మాట చిత్రసీమలో ప్రసిద్ధం.

ఈ చర్చ ఎటు తేలినా ఒక విషయం స్పష్టం. చలనచిత్ర గీతం ఏ ఒక్కరి సొత్తూ కాదు. వరుస కట్టినవాడు, పదం రాసినవాడు, పాడినవాడు, తెరపై అభినయించినవాడు, వాద్యం పట్టినవాడు అందరూ అందులో ఉంటారు. ప్రేక్షకుడు గుర్తుంచుకొనేది తెరపై కనిపించిన ముఖాన్ని, చెవిని తాకిన గొంతును. దేవదాసు పాట అనగానే అక్కినేని రూపం, ఘంటసాల గాత్రం మనసులో మెదలుతాయి. ఆ గాత్రానికి దారి వేసినవాని పేరు చాలామందికి తెలియకపోవడానికి కారణం ఇదే. శిష్యులు కట్టారనుకొన్నా, అది గురువు ఏర్పరచిన బాణీలో, ఆయన సిద్ధం చేసిన బృందంతో, ఆయన పేరుతో వెలువడినదే. గురువు లేని లోటు కనపడకుండా పూర్తి చేయడం శిష్యుల గొప్పతనం.

విడుదల, ఆదరణ

దేవదాసు తెలుగులో 1953 జూన్ 26న, తమిళంలో అదే సంవత్సరం సెప్టెంబరు 11న విడుదలై రెండు భాషలలోనూ ఘనవిజయం సాధించింది. అక్కినేని, సావిత్రిల నటజీవితాలకు ఇది మలుపు. గడ్డం పెంచి దిగులుగా తిరిగే యువకుణ్ణి దేవదాసు అని పిలవడం తెలుగు నుడికారంలో భాగమైంది.

ఈ కథ తరువాత కూడా పలుమార్లు చిత్రాలుగా వచ్చింది. హిందీలో బిమల్ రాయ్ 1955లో దిలీప్ కుమార్‌తో తీశాడు. తెలుగులో 1974లో కృష్ణ, విజయనిర్మల నటించిన దేవదాసు రమేశ్ నాయుడు సంగీతంతో వచ్చింది. పాత చిత్రానికి ఉన్న ఆదరణ దానికి దక్కలేదు. సావిత్రి జీవితకథగా 2018లో వచ్చిన మహానటి చిత్రంలోనూ దేవదాసు ప్రస్తావన ఉంది.

వినోదా పిక్చర్స్ తరువాతి చిత్రాలైన కన్యాశుల్కం (1955), చిరంజీవులు (1956)కు ఘంటసాల సంగీత దర్శకత్వం వహించాడు. సుబ్బరామన్ ఖాళీ చేసిన స్థానం ఆయన మిత్రునికే దక్కింది.

పాశ్చాత్య సంగీతంలో ఒక పోలిక

తన పాట విజయాన్ని చూడకుండానే కళాకారుడు మరణించిన సందర్భాలు ఇతర దేశాలలోనూ ఉన్నాయి. అమెరికాలో నల్లజాతి ప్రజల ప్రార్థనాగీతాల నుండి, బ్లూస్ విషాద గీతాల నుండి పుట్టిన సోల్ సంగీతంలో ఓటిస్ రెడ్డింగ్ ప్రముఖుడు. ఆయన రేవుకట్టపై ఒంటరిగా కూర్చున్న మనిషి దిగులును వర్ణించే ఒక పాటను 1967 నవంబరు, డిసెంబరు నెలలలో రికార్డు చేశాడు. డిసెంబరు 10న విస్కాన్సిన్ రాష్ట్రంలో విమాన ప్రమాదంలో మరణించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు. సహరచయిత స్టీవ్ క్రాపర్ పాటకు అలల సవ్వడి, పక్షుల అరుపులు చేర్చి పూర్తి చేశాడు. 1968 జనవరిలో విడుదలైన ఆ పాట మార్చి నాటికి అమెరికా పాటల పట్టికలో ప్రథమస్థానానికి చేరింది. గాయకుని మరణానంతరం ఆ స్థానం పొందిన మొదటి పాట అదే. రెండు సంగీతాలకూ పోలిక లేదు. కాని అర్ధాంతరంగా వెళ్ళిపోయినవాని పనిని తోటివారు పూర్తి చేయడం, ఆ తరువాత లోకం దానిని తన దుఃఖంగా స్వీకరించడం ఇక్కడా అక్కడా ఒకే తీరుగా జరిగాయి.

శిష్యులు, వారసత్వం

గురువు మరణించిన సంవత్సరమే ఎన్.ఎస్.కృష్ణన్ తీసిన పణం (1952) చిత్రంతో విశ్వనాథన్-రామమూర్తి జంట సంగీత దర్శకులయ్యారు. తమిళ చిత్ర సంగీతాన్ని పుష్కరకాలానికి పైగా ఏలి, 1965లో విడిపోయారు. రామమూర్తి 2013లో, విశ్వనాథన్ 2015లో మరణించారు. విశ్వనాథన్ సుబ్బరామన్‌ను గురుభావంతో స్మరించేవాడు. తెలుగులో విశ్వనాథన్ సంగీతం సమకూర్చిన మరోచరిత్ర (1978) కూడా ప్రేమికుల మరణంతో ముగిసే కథే. దేవదాసు నాటి యువకుని వేదన పాతికేళ్ళ తరువాత మరొక తరానికి ఆ శిష్యుని ద్వారా చేరిందని అనుకోవచ్చు.

సుబ్బరామన్ తమ్ముడు శంకర్ కూడా సంగీత దర్శకుడే. గణేశ్‌తో కలిసి శంకర్-గణేశ్ పేరుతో అనేక దక్షిణాది చిత్రాలకు సంగీతం అందించాడు.

సుబ్బరామన్ స్వరజీవితం తొమ్మిది సంవత్సరాలు మాత్రమే. ఆయనతో పనిచేసిన ఘంటసాల మరో ఇరవై రెండేళ్ళు, విశ్వనాథన్ అరవై ఏళ్ళకు పైగా జీవించి తమ ప్రతిభను పూర్తిగా వెల్లడించగలిగారు. సుబ్బరామన్‌కు ఆ అవకాశం లేకపోయింది. అయినా తెలుగువాడు మనసు విరిగినప్పుడు పాడుకొనే పాటల వెనుక ఆయన ఉన్నాడు.

సంగీతం అందించిన కొన్ని తెలుగు చిత్రాలు

- చెంచులక్ష్మి (1943)
- రత్నమాల (1948)
- లైలా మజ్ను (1949)
- స్వప్నసుందరి (1950) - ఘంటసాలతో కలిసి
- శ్రీలక్ష్మమ్మ కథ (1950)
- స్త్రీసాహసం (1951)
- శాంతి (1952)
- ప్రేమ (1952)
- ధర్మదేవత (1952)
- దేవదాసు (1953) - మరణానంతరం విడుదల
- చండీరాణి (1953) - మరణానంతరం విడుదల, ఎం.ఎస్.విశ్వనాథన్‌తో కలిసి
- అమ్మలక్కలు (1953) - మరణానంతరం విడుదల, ఇతరులు పూర్తి చేశారు